తిరుపాల్ సారు ఆల్జీబ్రా

గొంతులో కేన్సరని తేలిన రోజు తిరుపాల్ సారు డాక్టరును అడిగింది ఒక్కటే మాట. "పాఠం చెప్పొచ్చు గదా?"

డాక్టరు ఆయన్ని వదిలేసి, పక్కన నిలబడ్డ భార్య హేమవతి వైపు చూశాడు. దాంతో ఇద్దరికీ అర్థమైంది.

ఆపరేషన్ తర్వాత కొంతకాలం ప్రాణం దక్కింది గానీ మాట దక్కలేదు. నల్లగుట్ల రైలు జంక్షన్ ఊళ్లోని సర్కారు జూనియర్ కాలేజీలో ఇంటర్ రెండో ఏడాది పిల్లలకు ఆల్జీబ్రా చెప్పడం తప్ప ఆయనకు వేరే లోకం లేదు. హేమవతి అదే కాలేజీలో మొదటి ఏడాది వాళ్లకు లెక్కలు చెప్పేది. గోడకు ఆ పక్క గది ఆయనది. ఆమె బోర్డు మీద రాస్తూ రాస్తూ ఆగి, గోడ అవతల నుంచి వచ్చే ఆయన గొంతు విన్న రోజులు చాలా ఉన్నాయి.

ఆయన పాఠం చెప్పే తీరే వేరు. x స్క్వేర్ ప్లస్ ఆరు x అని రాసి, దాన్ని ఇంటిస్థలంలాగా గీసేవాడు. చదరంగా ఉన్న గది x స్క్వేరు. దానికి రెండు పక్కల మూడడుగుల వసారా. మూలన కొంచెం ఖాళీ మిగిలేది. "ఆ మూల పూడ్చు కన్నా, ఇల్లు చదరమైపోతాది," అనేవాడు. మూడు మూళ్లు తొమ్మిది పెట్టి పూడ్చగానే సుద్దముక్కతో బోర్డు మీద రెండుసార్లు టకటకమని కొట్టేవాడు. లెక్క తెగినట్టు గుర్తు అది.

ప్రహ్లాద్ ఆ బోర్డు ముందు కూర్చుని చదువుకున్నవాడే. అనంతపురం బయట ఒక పరిశోధనశాలలో మెదడు మీద పని చేస్తున్నాడు. సారుకు మాట పోయిందని తెలిసి ఒక ఆదివారం ఇంటికి వచ్చాడు. సంచీలోంచి బయటికి తీసిన వస్తువు చలికాలంలో ముసలివాళ్లు పెట్టుకునే టోపీలాగే ఉంది. లోపల మాత్రం వెంట్రుక మందాన తీగలు అల్లి ఉన్నాయి.

"మాటతో పని లేదు సార్," అన్నాడు ప్రహ్లాద్. "ఇది పెట్టుకోని మీరు లెక్కలు చేస్తా పోండి. లెక్క తెగిన క్షణాన మీ తలకాయలో ఏం జరుగుతాదో ఇది పట్టుకుంటాది. జవాబు కాదు సార్, అర్థం కావడం అంటాము చూడండి, అది. దాన్ని తీసుకోని పిల్లోల్ల తలకాయల్లో అచ్చేస్తాము."

తిరుపాల్ పలక తీసుకుని రాశాడు. 'పిల్లలకు నొప్పి ఉంటుందా?'

"ఉండదు సార్. ఒక పూట నిద్రలో అయిపోతాది."

తిరుపాల్ చాలాసేపు ఆ టోపీని చేతుల్లో తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత తనే తలకు పెట్టుకుని పలక ముందుకు జరుపుకున్నాడు.

ఆ చలికాలమంతా వాళ్ల వరండాలో అదే పని. ఆయన లెక్కలు చేసేవాడు, టోపీకి తగిలించమని ప్రహ్లాద్ పంపిన పెట్టె కుర్చీ పక్కన గుర్రుమంటూ ఉండేది, హేమవతి కాలేజీ నుంచి వచ్చి కాఫీ పెట్టిచ్చి పక్కన కూర్చునేది. ఆ రోజు తరగతిలో ఏం జరిగిందో చెప్పేది. అలాగే ఒకసారి రిజ్వానా సంగతి చెప్పింది.

రిజ్వానా మొదటి ఏడాది పిల్ల. తండ్రి జిలానీకి లారీ అడ్డా పక్కన పంక్చర్ షాపు. రెండు సంఖ్యలు కలిపితే పది, గుణిస్తే ఇరవై ఒకటి, అవేవి అని హేమవతి అడిగితే, తక్కినవాళ్లు కాగితం తీసేలోపల ఆ పిల్ల లేచి నిలబడిందట. "రెండూ నడిమి కాడ్నించి బయల్దేరల్ల మేడమ్. నడిమి అయిదు. అయిదయిదులు ఇరవై అయిదు. మనకు ఇరవై ఒకటి కావల్ల, అంటే నాలుగు తగ్గల్ల. నాలుగంటే రెండు రెండ్లు. కాబట్టి రెండూ చెరో పక్కకు రెండడుగులు జరుగుతాయి. మూడు, ఏడు," అంది. ఎవరు నేర్పారని అడిగితే, ఎవరూ నేర్పలేదంది.

తిరుపాల్ బలపం కింద పెట్టి విన్నాడు. మొహం వెలిగిపోయింది. పలక తుడిచి, 'ఈ పిల్లను జాగ్రత్తగా చూసుకో,' అని రాసి హేమవతి వైపు తిప్పాడు.

వర్గ సమీకరణాలు, సంకీర్ణ సంఖ్యలు, సమీకరణ వాదం, ప్రస్తారాలు ఒకటొకటిగా అయ్యాయి. ద్విపద సిద్ధాంతం మొదలుపెట్టాల్సి ఉండగా ఒక ఉదయం ఆయన లేవలేదు.

*

మరుసటి జూన్‌లో రెండో ఏడాది ఆల్జీబ్రా హేమవతికే ఇచ్చారు. తల్లిదండ్రుల ఒప్పుకోలుతో తరగతి మొత్తానికి టోపీలు పెట్టారు. ఊళ్లో టీకొట్టు దగ్గర జనం, "సర్కారోళ్లు మీ పిల్లోల్లకు టోపీ పెట్టినారంట గదప్పా," అని నవ్వుకున్నారు. జిలానీ కూడా నవ్వాడు. సారు పాఠమంటే ఆయనకు గురి. తను చదువుకునే రోజుల్లో లెక్కల్లో తప్పి బడి మానేసినవాడు.

మర్నాడు హేమవతి బోర్డు మీద x స్క్వేర్ ప్లస్ ఎనిమిది x మైనస్ ఇరవై ఈజ్ ఈక్వల్ టు సున్నా అని రాసి రిజ్వానాను పిలిచింది. రిజ్వానా వచ్చి సుద్దముక్క అందుకుంది. చదరం గీసింది. రెండు పక్కలా నాలుగడుగుల వసారా వేసింది.

"మూల పూడిస్తే పదహారు. ఆ పక్క ఇరవై, పదహారు, ముప్పై ఆరు. అంటే x ప్లస్ నాలుగు ఆరైనా కావల్ల, మైనస్ ఆరైనా కావల్ల. రెండు, లేదంటే మైనస్ పది." ముందు బెంచీలోని పిల్ల వైపు తిరిగి, "అర్థమైందా కన్నా?" అంది. సుద్దముక్కతో బోర్డు మీద రెండుసార్లు టకటకమని కొట్టింది.

పదహారేళ్ల పిల్ల తోటి పిల్లను కన్నా అంటే ఎవరో ఒకరు నవ్వాలి. ఒక్కరూ నవ్వలేదు. అందరూ తలలూపారు. హేమవతి చేతిలోని డస్టర్ జారి కింద పడింది. తీసుకోవడానికి వంగి, లేవడానికి కొంచెం సమయం తీసుకుంది.

ఆ తర్వాత నెలల్లో ఆమె కాలేజీకి అందరికంటే ముందు వచ్చేది. ఆరోగ్యం బాగాలేకపోయినా సెలవు పెట్టలేదు. ఇచ్చిన లెక్కలే మళ్లీ ఇచ్చేది, ఒక్కొక్కరినీ బోర్డు దగ్గరికి పిలిచేది. ఒకడి చేతిరాతలో ఆయన ఏడు అంకె, ఇంకొకడి భుజం వంపులో ఆయన నిలబడే తీరు. సంకీర్ణ సంఖ్యలు మొదలైన రోజు రిజ్వానా మెల్లిగా దగ్గరికి వచ్చింది.

"మేడమ్, ఈ i వచ్చినప్పుడంతా నాకు వాన వాసన వస్తాది. ఏంటికో తెలీదు."

"నాకూ వస్తాది మేడమ్," అన్నాడు వెనక కుర్రవాడు. అందరికీ వస్తోందట.

హేమవతికి తెలుసు. తనూ తిరుపాలూ కర్నూలులో బి.ఎడ్. చదివే రోజుల్లో, బస్టాండులో వానకు చిక్కుకుని నిలబడ్డారు. మైనస్ ఒకటికి వర్గమూలమేంటి, బుద్ధి ఉన్నవాళ్లు అడిగే ప్రశ్నేనా అని ఆమె దెప్పింది. ఆయన ఆమెకు ఎదురుగా నిలబడి, గిర్రున వెనక్కి తిరిగి, "ఇది మైనస్ ఒకటి," అన్నాడు. మళ్లీ మామూలుగా నిలబడి, ఈసారి సగమే తిరిగి ఆగాడు. "ఇట్లా రెండుసార్లు తిరిగితే మైనస్ ఒకటి. కాబట్టి ఇది i," అన్నాడు. చెప్తూ చెప్తూ తనకే కొత్తగా అర్థమైనట్టు నోరు తెరుచుకుని ఆగిపోయాడు, జుట్టులోంచి నీళ్లు కారుతూ. ఆ మధ్యాహ్నం ఆమె తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు తరగతి నిండా పిల్లలకు దాని వాసన తెలుసు.

"వర్షాకాలం గదమ్మా," అని మాట మార్చింది.

*

దసరా సెలవుల తర్వాత ద్విపద సిద్ధాంతం మొదలుపెట్టింది. సారు ముద్రలో లేని మొదటి పాఠం అది. a ప్లస్ b ఘనాన్ని విడదీసి రాసింది. పిల్లలు శ్రద్ధగా విన్నారు, తలలూపారు. మర్నాడు అడిగితే ఒక్కరికీ గుర్తులేదు. మళ్లీ చెప్పింది. మళ్లీ పోయింది. ఇసకలో నీళ్లు పోసినట్టే ఉంది. సెలవుల మత్తు ఇంకా వదల్లేదనుకుని ఊరుకుంది. నిజానికి అప్పటికే ఆమెకు అనుమానం వచ్చింది. అనుమానం నిజమైతే ఏం పోగొట్టుకోవాలో తెలుసు కాబట్టి దాన్ని దగ్గరికి రానివ్వలేదు.

దాన్ని గుమ్మం దాకా తెచ్చినవాడు జిలానీ. ఒక మధ్యాహ్నం చేతులకు గ్రీజు మరకలతోనే స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, మా రిజ్వానాకు ఏమో అయింది."

"కూర్చో జిలానీ. ఏమైంది?"

"షాపుకు కొత్త కంప్రెసర్ తెచ్చినా. ఇదివరకు ఏ మిషన్ తెచ్చినా నాకంటే ముందు ఆ పిల్లే పట్టేది. ఇప్పుడు రోజూ చూపిస్తాండా, రోజూ కొత్తే దానికి. పొద్దున చెప్పింది మాపటికి ల్యాదు. కోప్పడితే ఏడుస్తాది. పాత పనులు మాత్రం అన్నీ వస్తాయి." ఆయన గొంతు తగ్గించాడు. "ఇంగోటి మేడమ్. నిన్న నన్ను కన్నా అనింది. కన్న తండ్రిని."

హేమవతి ఆ గంట తరగతిలో పాఠం చెప్పలేదు. రిజ్వానాను పిలిచి, రెండు సంఖ్యలు కలిపితే పది, గుణిస్తే ఇరవై ఒకటి అంది. రిజ్వానా చదరం గీసింది, మూల పూడ్చింది, టకటకమని కొట్టింది. మూడు, ఏడు.

"ఇంకో దారి ఉంది చూడు," అంటూ హేమవతి తనే చెప్పింది. నడిమి అయిదు. అక్కణ్ణుంచి రెండూ చెరో పక్కకు జరగడం. ఇరవై అయిదులోంచి నాలుగు తగ్గడం.

రిజ్వానా కళ్లు చిట్లించి చూసింది. పరాయి భాష వింటున్నట్టు చూసింది.

"ఇదెవరి పద్ధతి మేడమ్? తిరకాసుగా ఉండాది."

హేమవతి డస్టర్ అందుకుని బోర్డు తుడిచింది. "ఒక పిల్ల చెప్పిందిలే," అంది.

ఆ సాయంత్రమే ప్రహ్లాద్‌కు ఫోన్ చేసింది.

*

పిల్లలందరినీ బస్సులో పరిశోధనశాలకు తీసుకెళ్లారు. ఒక్కొక్కరి మెదడు బొమ్మ తీసి ప్రహ్లాద్ గోడంత తెర మీద వరుసగా పెట్టాడు. బొమ్మలన్నిటిలో ఒకే చోట ఒకే ఆకారం పచ్చగా మెరుస్తోంది. మర్రి ఆకు ఈనెల్లాగా చీలిన గీతలు. ఆఖరున ఇంకో బొమ్మ పెట్టాడు.

"ఇది సారుది," అన్నాడు.

అదే ఆకారం.

"జూన్‌లో ఇది రూపాయి బిళ్లంత ఉన్నింది మేడమ్. ఇప్పుడు చూడండి." ప్రహ్లాద్ రిజ్వానా బొమ్మను పెద్దది చేశాడు. పచ్చ గీతలు చుట్టూ ఉన్న చీకట్లోకి బాగా చొచ్చుకుపోయాయి. "సారు తలలో ఇది ఏండ్ల తరబడి పెరిగింది. పక్కనున్న వాటితో సర్దుకోని, అల్లుకోని పెరిగింది. వీళ్ల తలల్లో మేము ఒక్క పూటలో తెచ్చి నాటినాము. దీనికి సర్దుకోవడం తెలీదు. చోటు కోసం పక్కదాన్ని తినేస్తాంది. కొత్తది ఏది మొలిచినా పీకేస్తాంది."

"ముందే ఎందుకు తెలుసుకోలేదు ప్రహ్లాదా?"

"లెక్కలు వచ్చినాయా అని చూసినాము. అందరికీ నూటికి నూరు. ఇంగేం కావల్లని సంబరపడినాము." వాడు తల దించుకున్నాడు. "సారు పాఠం చావకూడదనుకున్నా మేడమ్. అంతకు మించి ఏమీ ఆలోచించలే."

"తీసేయొచ్చా?"

"ఇప్పుడైతే తీసేయొచ్చు. వేసవి దాటితే గట్టిపడుతాది. ఆలోపల కూడా రోజూ కొంత తింటానే ఉంటాది. కానీ తీసేస్తే సారు నేర్పిందంతా పోతాది. మార్చిలో పరీక్షలు. వీళ్ల చేతుల్లో ఏమీ ఉండదు."

"దాని కింద అణిగిపోయినవి? వాళ్ల సొంతవి?"

ప్రహ్లాద్ తెర వైపు తిరిగాడు. "కొన్ని రావొచ్చు," అన్నాడు. "తినేసినవి రావు."

కాలేజీలో పెట్టిన సమావేశంలో తల్లిదండ్రుల్లో కొందరు ససేమిరా అన్నారు. వచ్చిన చదువును చేతులారా పోగొట్టుకుంటామా, పరీక్షలైనాక తీయించుకుందాం అన్నారు. హేమవతి లేచి నిలబడింది.

"మీ పిల్లల తలల్లో ఉన్నది నా భర్త," అంది. "దాన్ని ఉంచుకోవాలని మీ అందరికంటే నాకే ఎక్కువ ఆశ. రోజూ వాళ్ల నోటెంట ఆయన మాట వినడానికే నేను కాలేజీకి వస్తున్నాను. ఆయన ఈ గదిలో ఉండి ఉంటే ఈపాటికి తన చేత్తోనే తీసేసేవాడు. బిడ్డ బుర్రను తొక్కిపెట్టి పాఠం చెప్పిన మనిషి కాడాయన. మార్చిలోపు నాకు చేతనైనంత నేను చెప్తాను. తప్పితే తప్పుతారు. మళ్లీ రాస్తారు."

మొదట సంతకం పెట్టింది జిలానీ.

*

చెరిపే పని రెండు రోజులు పట్టింది. ఆఖరి పిల్లవాడు నిద్ర లేచి, తల్లి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయాక ప్రహ్లాద్ హేమవతిని లోపలి గదిలోకి తీసుకెళ్లాడు. బల్ల మీద టోపీ ఒక్కటే ఉంది.

"సారుది మూలప్రతి ఇంకా చెరపలే మేడమ్," అన్నాడు. "పై నుంచి చెరిపేయమనే చెప్పినారు. అంతలోపల... మీరు కావాలంటే పెట్టుకోండి. ఎవరికీ చెప్పను. మీ వయసులో అది అంత వేగంగా పెరగదు. ఆయన మీతోనే ఉంటాడు."

హేమవతి టోపీని ఒళ్లో పెట్టుకుంది. లోపలి తీగలు వేళ్లకు మెత్తగా తగిలాయి. ఇది పెట్టుకుంటే ఆ బస్టాండు ఆయన వైపు నుంచి ఎలా కనిపించిందో తెలుస్తుంది. ఎదురుగా నిలబడ్డ తను ఎలా కనిపించిందో తెలుస్తుంది. ఇన్నేళ్ల కాపురంలో ఎప్పుడూ అడగని ప్రశ్న అది. కిటికీలోంచి బస్సు ఎక్కుతున్న పిల్లలు కనిపించారు. రిజ్వానా మెట్టు మీద ఆగి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి చూస్తోంది.

"కొత్తది ఏదీ నిలవదు గదా ఇది పెట్టుకుంటే?"

"మెల్లమెల్లగా అంతే మేడమ్."

"వాళ్లు రేపటి నుంచి చేసే తప్పులన్నీ కొత్తవి ప్రహ్లాదా. అవి నాకు అర్థం కావాలి." టోపీ బల్ల మీద పెట్టింది. "నేను ఉండగానే చెరిపెయ్యి."

ప్రహ్లాద్ చెరిపేశాడు. తెర మీద పచ్చ ఆకారం ఆఖరిసారి కనబడి ఆరిపోయింది. వాడు మొహం చేతుల్లో దాచుకుని వెక్కివెక్కి ఏడుస్తుంటే, హేమవతి వాడి వీపు నిమురుతూ నిలబడింది.

*

వర్గ సమీకరణం అంటే ఏమిటన్న దగ్గర్నుంచి మళ్లీ మొదలైంది. ఎవరికీ వసారా లేదు, మూల లేదు. కొందరు గుర్తులు తారుమారు చేశారు, కొందరు రెండు మూలాలు ఉంటాయంటే నమ్మలేదు. ఒకడు ప్రతిసారీ సున్నాతో భాగించి పెట్టేవాడు. హేమవతి ఒక్కొక్కడి పక్కన బెంచీలో కూర్చుని, వాడు ఎక్కడ దారి తప్పాడో వెతికి, అక్కణ్ణుంచి చెప్పుకుంటూ వచ్చింది. అందరికంటే కష్టపడింది రిజ్వానా. ఒకప్పుడు నోటితో తేల్చిన లెక్కలకు ఇప్పుడు వేళ్లు లెక్కపెట్టేది. చుట్టూ ఉన్నవాళ్లు ముందుకు పోతుంటే పెదవి కొరుక్కుంటూ కూర్చునేది.

పరీక్షల్లో చాలామంది అత్తెసరు మార్కులతో గట్టెక్కారు. రిజ్వానా తప్పింది. పాత తెలివి ఎప్పటికైనా తిరిగొస్తుందా అని జిలానీ అడిగితే, హేమవతి అబద్ధం చెప్పలేకపోయింది. ఆయన సప్లిమెంటరీకి ఫీజు కట్టి, ఆ పిల్లను కాలేజీ గేటు దగ్గర దించి వెళ్లాడు.

మే నెల. కాలేజీ మొత్తం ఖాళీ. ఒక్క గదిలో ఫ్యాన్ కింద ఇద్దరే కూర్చుని ద్విపద సిద్ధాంతం చదువుతున్నారు. ఒకటి, మూడు, మూడు, ఒకటి అనే గుణకాలు ఎక్కడి నుంచి వచ్చాయో రిజ్వానాకు ఎంతకీ ఎక్కలేదు. హేమవతి పెన్నులతో చెప్పింది, చింతగింజలతో చెప్పింది. రోజులు గడిచాయి. ఆ ఉదయం రిజ్వానా కాగితం వైపు చాలాసేపు చూసి, తల గోక్కుంది.

"మేడమ్, మా షాపు కాడికి మూడు టైర్లు వచ్చినాయనుకో. ఒక్కోదానికి పంక్చర్ పడి ఉండొచ్చు, పడకుండొచ్చు." ఆగింది. తడుముకుంది. "మూడూ మంచివి కావడం ఒక్క తీరే. ఒక్కటే పడిందంటే అది మొదటిదైనా, నడిమిదైనా, చివరిదైనా... మూడు తీర్లు. రెండు పడినాయంటే, పడనిది ఏదో ఒకటి. మళ్లీ మూడే. అన్నీ పడితే మళ్లా ఒకటి." మెల్లిగా తలెత్తింది. "అదేనా మేడమ్ ఇది? నేను ఇట్ల అనుకోవచ్చా?"

హేమవతి ఎప్పుడూ టైర్ల గురించి చెప్పలేదు. ఇది ఎవరి నోటా విన్నది కాదు. తిరుపాల్ చెప్పకుండా పోయిన పాఠం.

"అనుకోవచ్చు," అంది. "అదే. ఇప్పుడు నాలుగు టైర్లతో చెయ్యి. ఇంటికెళ్లి చేసుకోని రా, పో. ఎండెక్కుతోంది."

రిజ్వానా పుస్తకాలు సర్దుకుని, వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంటూ వెళ్లింది. చెప్పుల చప్పుడు వరండా దాటి, గేటు దాటి వినిపించకుండా పోయేదాకా హేమవతి కదల్లేదు. తర్వాత ఈ సంగతి ఎవరికి చెప్పాలా అని ఆలోచించి, చెప్పాల్సిన మనిషి ఇంట్లో లేడని, ఏ పిల్లవాడి తలలోనూ లేడని గుర్తుకొచ్చి, బెంచీ మీద తల వాల్చింది. తిరుపాల్ పోయాక ఆమె ఏడవడం అదే మొదలు.